సముద్రాన్ని కాపాడే కథలు - ఒక విమర్శ

గోనెగండ్ల నుండి సముద్రతీరానికి పోవలెనంటే తూర్పు దిక్కుగా 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయవలెను. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పిల్లలలో చాలామంది సముద్రాన్ని వెండితెర మీదనే చూసి ఉంటారు. అయినా ఈ ఊరికీ సముద్రానికీ సంబంధం లేదనుకోవడం పొరపాటు. మన మండలంలో పారే హంద్రీ కర్నూలు వద్ద తుంగభద్రలో కలుస్తుంది. తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతాన్ని చేరుతుంది. గాజులదిన్నె జలాశయపు గట్టు మీద మనం పారవేసిన ప్లాస్టిక్ సంచి ఏదో ఒక వానకాలంలో ఈ దారినే బయలుదేరవచ్చును. నీరు పోయే దారి మనకు కనబడకపోయినా అది ఉన్నది.

ద్వీపాలలోని యువతీయువకులు కథల ద్వారా సముద్రాన్నీ, తమ సంస్కృతినీ కాపాడుకొంటున్నారని ఈ మధ్య తరచుగా వింటున్నాము. ఈ మాట వినడానికి ఇంపుగా ఉన్నది. కాని ఇంపైన మాటలన్నీ నిజం కానక్కరలేదు. కథ చెప్పినంత మాత్రాన చేప బ్రతుకుతుందా? పాట పాడితే పగడపు దిబ్బ నిలుస్తుందా? లోకమంతటా ప్రసిద్ధి కెక్కిన అటువంటి కథలు కొన్నింటినీ, మన తెలుగువారి తీరానికి సంబంధించినవి ఒకటి రెండింటినీ తీసుకొని, వాటిలో ఏది గట్టిదో ఏది బోలుదో శాస్త్రదృష్టితో తేల్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడు కొలబద్దలు

సాహిత్య విమర్శకుడు కథలో రసం చూస్తాడు, శైలి చూస్తాడు. మనకు కావలసిన కొలబద్దలు వేరు. మొదటిది: కథలోని పరిశీలన నిజమైనదా? అనగా ప్రకృతిలో జరిగేదానిని కథ ఉన్నదున్నట్లు పట్టుకొన్నదా? రెండవది: విన్నవాడు చేయవలసిన పనిని కథ స్పష్టంగా చెప్పుతున్నదా? మూడవది: ఆ పనివల్ల కలిగే కష్టనష్టాలు ఎవరి నెత్తిన పడతాయి? ఆ సంగతిని కథ బయట పెట్టుతున్నదా, దాచుతున్నదా?

ఈ కొలబద్దలు ఎట్లా పని చేస్తాయో మన ఊళ్లలోని ఆచారంతోనే చూడవచ్చును. వానలు వెనుకబడినప్పుడు పిల్లలు రోకలికి కప్పను కట్టి, ఇల్లిల్లు తిరిగి, దాని మీద నీళ్లు పోయించుకొంటూ కప్పతల్లి పాట పాడుతారు. తొలకరి వానకు, కప్పల బెకబెకలకు సంబంధమున్న మాట నిజమే. వాన నీరు నిలిచినప్పుడు మగకప్పలు ఆడకప్పలను పిలుస్తూ అరుస్తాయి; ఆ నీటిలోనే గుడ్లు పెట్టడం జరుగుతుంది. కాబట్టి మన పెద్దల పరిశీలనలో లోపం లేదు. లోపమంతా కారణంలో ఉన్నది. వాన వచ్చినందువల్ల కప్ప అరుస్తుందే గాని, కప్పను తడిపినందువల్ల వాన రాదు. ఇక మూడవ కొలబద్దకు వస్తే, కష్టమంతా నోరులేని కప్ప మీద పడినది! అందుచేత ఈ కథ మొదటి పరీక్షలో సగం మార్కులు తెచ్చుకొని, తక్కిన రెండింటిలో తప్పినది. పాట మధురమైనది కావచ్చును. ఆ మాధుర్యానికి మనం వేరే లెక్క వేసుకొందాము.

తొంభై ఏడేండ్లు నిలిచిన మాట

ఇప్పుడు మూడు పరీక్షలలోను నెగ్గిన కథ ఒకటి చూద్దాము. ఇండోనేషియాలో సుమత్రాకు పడమటగా సిమెలూ అనే ద్వీపం కలదు. 1907 జనవరిలో అక్కడ పెద్ద భూకంపం వచ్చి, దాని వెంట సముద్రం పొంగి చాలామందిని పొట్టన పెట్టుకొన్నది. బ్రతికినవారు ఆ ఉపద్రవానికి తమ భాషలో 'స్మాంగ్' అని పేరు పెట్టి, దానిని కథగా చెప్పుకొన్నారు, పాటలలో కట్టుకొన్నారు, పిల్లలను నిద్రపుచ్చేటప్పుడు కూడ వినిపించినారు. కథ సారాంశం చాల చిన్నది: భూమి గట్టిగా కంపించి, ఆ తరువాత సముద్రం వెనుకకు తగ్గితే, దేనికోసమూ ఆగక కొండ ఎక్కవలెను.

2004 డిసెంబరు 26వ తేదీన సుమత్రా దగ్గర మహాభూకంపం వచ్చినది. సిమెలూ ద్వీపం ఆ భూకంప కేంద్రానికి చాల దగ్గర. ఉత్తరపు తీరానికి పది నిమిషాలలోపలనే అల చేరినది. ఎంత గొప్ప యంత్రాంగమున్నా అంత స్వల్ప వ్యవధిలో హెచ్చరిక అందించడం కష్టమే. కాని ద్వీపవాసులు ఎవరి హెచ్చరిక కోసమూ చూడలేదు. 'స్మాంగ్' అని కేకలు వేస్తూ కొండలెక్కినారు. సుమారు 78,000 మంది ఉన్న ఆ ద్వీపంలో మరణించినవారు ఏడుగురు. ఆ కథ తెలియని ఎదుటి తీరం మొదలుకొని ఇండోనేషియా మొత్తం మీద మరణించినవారు, కనబడకుండా పోయినవారు లక్షన్నరకు పైగా ఉన్నారు.

ఈ కథ బలం ఎక్కడున్నది? సముద్రం వెనుకకు తగ్గడం నిజమైన గుర్తు. సముద్రగర్భం కుంగినప్పుడు అల యొక్క పల్లపు భాగం ముందుగా తీరాన్ని చేరితే నీరు వెనుకకు లాగబడుతుంది. కొంతసేపటికి మిట్ట భాగం వచ్చి పడుతుంది. 1907లో చూచినవారికి ఈ భౌతికశాస్త్రం తెలియదు. అయినా చూచినదానిని అలంకారాలు తొడగకుండా చెప్పినారు. రెండవది, చేయవలసిన పని ఒక్కటే: పరుగెత్తుము. మూడవది, పడవనూ వలనూ ఇంటినీ వదలిపెట్టవలసి వస్తుందని కథ మొగమోటం లేకుండా చెప్పినది. విన్న పిల్లవాడు పెద్దవాడై, తన పిల్లలకు చెప్పినాడు. అట్లా 97 సంవత్సరాలు నిలిచినది.

కాని ఈ కథకు ఒక హద్దు కూడ ఉన్నది. విమర్శకుడు దానిని చెప్పకపోతే తప్పు చేసినవాడవుతాడు. అదే 2004 అల మన కోస్తాకు రావడానికి రెండు గంటలకు పైగా పట్టినది. అంత దూరంలో భూకంపం అంత గట్టిగా తెలియదు. కంపం తెలియనివానికి కంపాన్ని గురించిన కథ సగమే ఉపయోగపడుతుంది. ఆనాడు ఆంధ్రతీరంలో వందమందికి పైగా మరణించినారు. ఇట్లాంటి చోట యంత్రం అవసరం. ఆ కొరత తీర్చడానికే 2007లో హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రంలో సునామీ హెచ్చరిక విభాగం ప్రారంభమైనది. దగ్గరి ఆపదకు కథ, దూరపు ఆపదకు యంత్రం. ఒకటి రెండవదానికి పోటీ కాదు.

దారి తప్పితే ద్వీపం కనబడదు

పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి ద్వీపవాసుల పూర్వులు దిక్సూచి లేకుండ, నక్షత్రాలను, కెరటాల పోకడను, పక్షుల రాకపోకలను చూచుకొంటూ వేలాది కిలోమీటర్లు పడవలలో తిరిగినవారు. కాలక్రమాన హవాయిలో ఆ విద్య తెలిసినవారు లేకపోయినారు. ఆ పూర్వులు గాలివాటున కొట్టుకొనిపోయి ద్వీపాలకు చేరినారే గాని, దారి తెలిసి పోలేదని కొందరు పండితులు వాదించినారు కూడ.

ఆ వాదం తేల్చడానికి హోకులేఅ అనే జంట పడవను పాత నమూనాలో నిర్మించినారు. 1976లో అది హవాయి నుండి తాహితి వరకు సుమారు 4,000 కిలోమీటర్లు ఏ పరికరమూ లేకుండా ప్రయాణం చేసినది. దారి చూపినవాడు మైక్రోనేషియాలోని సతవాల్ అనే చిన్న ద్వీపానికి చెందిన మౌ పియాలుగ్. తన ద్వీపపు యువకులు ఆ విద్య మీద శ్రద్ధ చూపనందున, ఆచారాన్ని కాదని అతడు పైవారికి దానిని నేర్పినాడు. అతనివద్ద నేర్చిన హవాయి యువకుడు నైనోవా థాంప్సన్ 1980లో తానే దారి చూపుతూ తాహితికి పోయి వచ్చినాడు. 2014 నుండి 2017 వరకు అదే పడవ భూమిని పూర్తిగా చుట్టి వచ్చినది. ఆ ప్రయాణంలో ఎందరో యువతీయువకులు వంతుల వారీగా పాల్గొన్నారు.

నక్షత్రాల పేర్లను, అవి ఉదయించే చోట్లను ఈ నావికులు పాటలుగా, కథలుగా జ్ఞాపకముంచుకొంటారు. ఇట్లాంటి కథకు ఒక విశేషమున్నది. అది అబద్ధమైతే వెంటనే బయట పడుతుంది. నక్షత్రాన్ని తప్పుగా చెప్పితే ద్వీపం కనబడదు. ప్రయోగశాలలో సిద్ధాంతానికి ఎట్లాంటి పరీక్ష ఉన్నదో ఈ కథలకు నడిసముద్రంలో అట్లాంటి పరీక్ష ఉన్నది. సంస్కృతిని కాపాడడం, ప్రకృతిని పరిశీలించడం రెండు పనులు కావని ఈ పడవ చూపినది. నక్షత్రం పేరు మరచిన నావికుడు నక్షత్రాన్ని కూడ పోగొట్టుకొంటాడు.

కారణం మార్చిన కథ

2016లో డిస్నీ సంస్థ తీసిన 'మోవానా' అనే బొమ్మల చిత్రాన్ని మన విద్యార్థులు చాలామంది చూసి ఉంటారు. అది ఒక ద్వీపపు బాలిక కథ. తీరంలో చేపలు కరువవుతాయి, కొబ్బరికాయలు కుళ్లిపోతాయి. వెనుకటి కాలంలో ఒక వీరుడు ఒక దేవత హృదయాన్ని దొంగిలించినందున ఈ చీడ పట్టినదని చెప్పగా, బాలిక సముద్రం దాటి పోయి దానిని తిరిగి ఇచ్చి వస్తుంది. నావికుల నక్షత్రవిద్యకు ఈ చిత్రం ఇచ్చిన గౌరవం మెచ్చుకోదగినది. బాలికను నాయకురాలిగా నిలబెట్టడం కూడ మంచిదే.

కాని మన మొదటి కొలబద్దతో చూడండి. నిజమైన ద్వీపాలలో చేపలు ఎందుకు తగ్గినవి? మితిమీరి పట్టడం ఒక కారణం. దూరదేశాల పెద్ద ఓడలు వచ్చి సముద్రాన్ని జల్లెడ పట్టడం మరొకటి. నీరు వేడెక్కి పగడపు దిబ్బలు చావడం మూడవది. పగడపు పురుగు శరీరంలో కంటికి కనబడని నాచు నివసిస్తూ దానికి ఆహారాన్ని తయారు చేసి పెట్టుతుంది. మామూలు వేసవి వేడి కంటె నీరు ఒక డిగ్రీ సెల్సియస్ ఎక్కువై కొన్ని వారాలు అట్లాగే ఉంటే, పగడం ఆ నాచును బయటికి నెట్టివేస్తుంది, తెల్లబారిపోతుంది, ఆ స్థితి కొనసాగితే ఆకలితో చస్తుంది. దిబ్బ చచ్చినచోట చేపకు తిండీ లేదు, దాగే చోటూ లేదు.

ఈ కారణాలలో ఏ ఒక్కటీ ఆ చిత్రంలో లేదు. ఎప్పుడో ఎవరో చేసిన పాపం, ఒక్క సాహసంతో పరిహారమైపోయినది. బాల్యంలో విన్న కథ కారణాలను గురించి మన ఊహను తీర్చిదిద్దుతుంది. సముద్రపు వ్యాధి ఒక్క రాయిని తిరిగి పెడితే నయమయ్యేదని నమ్మిన పిల్లవాడు, అది ఎన్నో ఏండ్లు ఎందరో కలిసి చేయవలసిన చికిత్స అంటే విసుగుపడతాడు. కప్పతల్లి పాటలో ఉన్న దోషమే కోట్లు ఖర్చు పెట్టిన ఈ చిత్రంలోనూ ఉన్నది: కన్ను సరిగా చూచినది, బుద్ధి తప్పు కారణం పట్టినది.

అతిథి చేసిన ప్రమాణం

పలావు అనే పసిఫిక్ దేశపు జనాభా సుమారు 18,000. మన మండలంలోని పెద్ద గ్రామాలు రెండు మూడు కలిపితే అంత ఉండవచ్చును. 2017 డిసెంబరు నుండి ఆ దేశానికి వచ్చే ప్రతి అతిథి తన పాస్‌పోర్టులో ముద్రించిన ఒక ప్రమాణం క్రింద సంతకం చేయవలెను. ఆ ప్రమాణం పలావు పిల్లలను ఉద్దేశించి, వారి ఇంటిని పాడు చేయనని అతిథి చెప్పినట్లుగా ఉంటుంది. దాని రచనలో అక్కడి పిల్లలు కూడ పాలు పంచుకొన్నారు. విమానంలో వచ్చేవారికి ఒక చిన్న బొమ్మల కథ కూడ చూపుతారు. అందులో ఒక మహాకాయుడు ద్వీపంలో అడ్డదిడ్డంగా తిరిగి పాడు చేస్తూ, చివరకు పిల్లలవల్ల నడవడిక నేర్చుకొంటాడు.

దీని వెనుక ఒక పాత ఆచారమున్నది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో కొన్ని దిబ్బల దగ్గర వేట ఆపవలసిందిగా పలావు పెద్దలు 'బుల్' అనే ఆంక్ష విధించేవారు. పిల్లల ప్రమాణం ఆ పాత మాటకు కొత్త రూపం. ఈ దేశం మాటతో ఆగలేదు. తన సముద్రభాగంలో సుమారు 80 శాతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించే చట్టం 2015లో చేసినది. అది 2020 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. కథకు వెనుక చట్టముండడం దీని బలం. రెండవ కొలబద్దలో ఇది నిశ్చయంగా నెగ్గుతుంది.

మూడవ కొలబద్దలో మాత్రం కొంచెం తట్టుకొంటుంది. ప్రమాణం చేసే అతిథి పగడాన్ని కాలితో త్రొక్కడు, గవ్వలు ఏరుకోడు, మంచిదే. కాని 1998లో పలావు పగడాలు పెద్దఎత్తున తెల్లబారి చనిపోయినది అతిథుల పాదాలవల్ల కాదు, నీటి వేడివల్ల. బొగ్గు, చమురు మండించే దేశాలు ఈ ప్రమాణంలో ఎక్కడా లేవు. అతిథిని తీసుకొని వచ్చిన విమానపు ఇంధనం కూడ లేదు. చిన్న తప్పుకు సంతకం తీసుకొని పెద్ద తప్పును వదలిపెట్టితే, సంతకం చేసినవాడు తన బాధ్యత తీరిపోయినదనుకొనే ప్రమాదమున్నది.

ఈ లోటును పూడ్చిన యువకులు మరొక ద్వీపంలో బయలుదేరినారు. 2019లో వనువాటులోని దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర విద్యార్థులు 27 మంది తరగతి గదిలో ఒక ఆలోచన చేసినారు: వాతావరణాన్ని కాపాడవలసిన బాధ్యత దేశాలకు చట్టరీత్యా ఉన్నదా అని అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగితే ఏమి? వనువాటు ప్రభుత్వం ఆ కోరికను ముందుకు తీసుకొనిపోగా, 2023 మార్చిలో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ఏకాభిప్రాయంతో తీర్మానం చేసినది. 2024 డిసెంబరులో హేగ్ నగరంలో జరిగిన విచారణలో తొంభైకి పైగా దేశాలు వాదనలు వినిపించినవి. ద్వీపవాసులు కోతకు గురైన తీరాలను, మునుగుతున్న శ్మశానాలను, మారిపోయిన చేపల ఋతువులను గురించి తమ సంగతులు చెప్పుకొన్నారు. 2025 జూలై 23న న్యాయస్థానం అట్టి బాధ్యత దేశాలకు ఉన్నదని సలహారూపమైన అభిప్రాయం వెలువరించినది. ఇక్కడ కథ సాక్ష్యమైనది. సాక్ష్యమైన కథను అడ్డుప్రశ్నలు వేసి పరీక్షించవచ్చును. అతిథి నడవడికను గాక, మూలకారణాన్నే అది ప్రశ్నించినది. సలహా ఎంతవరకు ఆచరణలోకి వస్తుందన్నది దేశాల చేతిలో ఉన్నది. అయినా సరియైన ప్రశ్నను సరియైన చోట అడిగినందుకు ఆ విద్యార్థులు అభినందనీయులు.

పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ

ఇక మనవారి సంగతికి వద్దాము. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు చాలామంది బ్రతుకు తెరువుకోసం గుజరాతులోని వేరావల్ రేవుకు పోయి అక్కడి మరపడవల మీద పని చేస్తారు. 2018లో వీరిలో కొందరు పాకిస్తాను చెరలో పడి 2020లో విడుదలైన సంగతి, దానిని ఆధారం చేసుకొని 2025లో వచ్చిన 'తండేల్' చిత్రం పాఠకులకు తెలిసే ఉంటుంది.

ఆ గుజరాతు తీరానికే ప్రపంచంలోని అతి పెద్ద చేప అయిన తిమింగల సొరచేప వస్తుంది. ఒకప్పుడు దానిని కాలేయపు నూనెకోసం వందల సంఖ్యలో చంపేవారు. 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద దాని వేటను నిషేధించినారు. కాని చట్టం ఉన్నదని చేప బ్రతకలేదు. 2004లో భారత వన్యప్రాణి ట్రస్టు ఆధ్వర్యాన ఒక ప్రచారం మొదలైనది. రామకథా ప్రవక్త మురారి బాపు ఆ చేపను పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డతో పోల్చి చెప్పినారు. పురుటికి వచ్చిన బిడ్డను చంపుకొనే తల్లిదండ్రులుంటారా? ఈ ఒక్క మాట తీరమంతటా ప్రాకినది. వలలో చిక్కిన చేపను, వల కోసి వదలిపెట్టడం మొదలు పెట్టినారు. అట్లా వందలాది చేపలు తిరిగి సముద్రం చేరినవి.

ఈ కథను మన కొలబద్దలతో చూస్తే ఒక చిక్కు వస్తుంది. ఆ చేప గుజరాతు తీరానికి నిజంగా పురుటికే వస్తుందని శాస్త్రం నిరూపించలేదు. తిమింగల సొరచేప పిల్లలను ఎక్కడ కంటుందన్న విషయం నేటికీ తేలలేదు. 1995లో తైవాను దగ్గర పట్టుబడిన ఒక ఆడచేప గర్భంలో సుమారు 300 పిల్లలు కనబడినందున, అది గుడ్లను గర్భంలోనే పొదిగి పిల్లలను కంటుందని మాత్రం తెలిసినది. కాబట్టి మొదటి కొలబద్దలో ఈ కథ ఊహ మీదనే నిలిచినది. రెండవదానిలో నిస్సంశయంగా నెగ్గినది. చేయవలసిన పని ఒక్కటే, వల కోయుము. మూడవదానిలో కూడ నెగ్గినది. ఎందుకంటే వల విలువ పేద మత్స్యకారునికి చిన్నది కాదని గుర్తించి గుజరాతు ప్రభుత్వం నష్టపరిహారం ఏర్పాటు చేసినది. ఆ పరిహారం లేకుండా ఆడబిడ్డ కథ ఎన్నాళ్లు నిలిచేదో చెప్పలేము. అయితే ఊహను నిజమని పిల్లలకు బోధించరాదు. పోలికను పోలికగానే చెప్పవలెను. రేపు ఆ చేప పురుటికి రావడం లేదని తేలితే, కథతో పాటు చేప మీద దయ కూడ పోరాదు గదా!

దీనికి ఎదురుగా మన సొంత తీరపు కథను పెట్టి చూడండి. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం క్షేత్రమున్నది. విష్ణువు కూర్మావతారంలో పూజ లందుకొనే ఆలయమది. ఆలయ ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పోషిస్తారు. తాబేలంటే ఆ తీరంలో భక్తి. అయినా ప్రతి శీతకాలంలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన కోస్తా ఇసుకలో చచ్చి పడి ఉంటున్నవి. సముద్రపు తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. ఉండి ఉండి నీటి పైకి రావలెను. మరపడవ లాగే ట్రాలు వలలో గంటల తరబడి చిక్కితే ఊపిరాడక చస్తుంది. వలలో ఇనుప చువ్వల జల్లెడ అమర్చి, దాని పైన ఒక కిటికీ ఉంచితే చిన్న రొయ్యలు లోపలికి పోతాయి, పెద్ద తాబేలు కిటికీ గుండా బయట పడుతుంది. కాని కొంత చేప కూడ బయటికి పోతుందని పడవల యజమానులు వెనుకాడతారు. తూర్పు తీరంలో వేట నిషేధకాలం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు. తాబేలు గుడ్లు పెట్టే అదను చాలవరకు అంతకు ముందే, జనవరి నుండి మార్చి వరకు.

అనగా కూర్మావతార కథ మనకు భక్తినిచ్చినది గాని, వలకు కిటికీని ఇవ్వలేదు. అందుకు పురాణాన్ని తప్పు పట్టనక్కరలేదు. ట్రాలు వల పుట్టకముందు పుట్టిన కథ అది. తప్పు మనది. పాత కథకు కొత్త వాక్యం చేర్చవలసిన తరం చేర్చలేదు. సిమెలూ పాటలోని పరుగెత్తుము అన్న మాట వంటిది, గుజరాతు కథలోని వల కోయుము అన్న మాట వంటిది, మన తాబేటి కథకు ఇంకా దొరకలేదు. ఆ తీరపు ఉన్నత పాఠశాలల పిల్లలు ఆ మాటను కనిపెట్టగలరని నా నమ్మకం.

గోనెగండ్ల చేయవలసిన పని

సముద్రం లేని మనకు ఈ చర్చ ఎందుకని ఎవరైనా అడగవచ్చును. మన జిల్లాలోనే ఎర్రగుడి గుట్ట మీద అశోకచక్రవర్తి శాసనాలున్నవి. వాటిలో మొదటి శిలాశాసనంలో ఆయన ప్రాణిహింస కూడదని చెప్పుతూ, ముందు తన వంటశాల సంగతే బయట పెట్టినాడు: లెక్కలేనన్ని జంతువులను చంపే చోట ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే చంపబడుతున్నవనీ, ఇక ముందు అవి కూడ చంపబడవనీ. పరులకు చెప్పే ముందు తన నష్టాన్ని లెక్క చూపినాడు. మన మూడవ కొలబద్ద ఆ రాతి మీద రెండువేల రెండువందల ఏండ్లకు పూర్వమే చెక్కబడి ఉన్నదన్నమాట.

ఇక మన సొంత స్మాంగ్ ఏది? 2009 అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్రలు పొంగి కర్నూలు పట్టణం మునిగినది. కరువు జిల్లాగా పేరు పడినచోట వరద వస్తుందని ఎవరూ అనుకోలేదు. నేడు పదవ తరగతి చదివే విద్యార్థులలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. ఆ రోజులను గురించి వారికి తెలిసినది ఎంత? పెద్దవారు చెప్పేది సాధారణంగా ఒక్క వాక్యం: అబ్బో, అప్పుడు చాల నీళ్లు వచ్చినవి. ఈ వాక్యంలో గుర్తు లేదు, పని లేదు, లెక్క లేదు. సిమెలూవారు తమ మాటను 97 ఏండ్లు నిలుపుకొన్నారు. మనం రెండు దశాబ్దాలైనా గడవకముందే పోగొట్టుకొంటున్నాము.

కాబట్టి ఉపాధ్యాయులకు ఒక మనవి. ప్రతి విద్యార్థి ఇంటిలోని అవ్వతాతలను, చేనుగట్టున కనబడే పెద్దలను అడిగి రావలెను. ఆ దినాలలో ఏ వంక ముందు పొంగినది? నీరు ఏ గోడకు, ఏ చెట్టుకు ఎంత ఎత్తు తాకినది? పశువులను ఏ దారిన తోలినారు? ఏ దారి మూసుకొనిపోయినది? ఎవరు ఏమి పోగొట్టుకొన్నారు? ఒకరి మాటను ఇంకొకరి మాటతో సరి చూడవలెను. గోడ మీది గుర్తును టేపుతో కొలవవలెను. ఇద్దరు చెప్పినది కలియనప్పుడు కలియలేదనే వ్రాయవలెను. అట్లా తేలిన నిజాన్ని పిల్లలు తమ మాటలలో, మన సీమ యాసలోనే, కథగానో పాటగానో కట్టవలెను. ప్రతి సంవత్సరం గాంధీజయంతినాడు ఎటూ పాఠశాలలో అందరూ చేరుతారు. ఆ రోజే దానిని చదివి వినిపించవచ్చును.

విద్యార్థులకు కూడ ఒక మాట. మీరు వినే ప్రతి కథనూ, చూచే ప్రతి చిత్రాన్నీ ఆనందంగా వినండి, చూడండి. ఆ తరువాత మూడు ప్రశ్నలు అడగండి: ఇందులో చూచినది నిజమా? నేను చేయవలసినది ఏమి? దానికి మూల్యం ఎవరు చెల్లిస్తారు? సిమెలూలో ఆ ఉదయం కొండ ఎక్కిన పిల్లలకు 1907 నాటి అలను చూచిన తాతలలో ఒక్కరూ కనబడి ఉండరు. కాని వారి మాట వినబడినది. హంద్రీ మళ్లీ పొంగిన నాడు మన పిల్లల పిల్లలకు వినబడే మాట ఏదో, అది మన తరం చెప్పి పోవలసినది.